చదువురాని ఆయా కావలెను

మా ఆయన వెదురు లారీ మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్న ఏడాది నేను పనికోసం మెట్లెక్కని బడి లేదు. పాఠాలు చెప్పే పని కాదు, దానికి నా చదువు చాలదు. చర్లలో హాస్టల్లో ఉండి సెకండ్ డివిజన్లో పదో తరగతి పాసయ్యాను, అంతే. ఆ సర్టిఫికెట్టును పాలిథిన్ కవర్లో పెట్టుకుని అటెండరో, ఆయానో, వంటమనిషో, గంట కొట్టే మనిషో, ఏదిస్తే అదే మహాప్రసాదం అనుకుంటూ తిరిగాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మంచం మీద మొగుడు, చంకలో మూడేళ్ళ కూతురు, డబ్బాలో అడుగంటిన బియ్యం. గిన్నెతో ఆ డబ్బా అడుగు గీకిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఊరు మారి వచ్చిందే దవాఖాన దగ్గరని. భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఒక చిన్న టౌను. దాని అంచున పెన్షనర్ల కాలనీ. ఫారెస్టులో, ట్రెజరీలో, కరెంటాఫీసులో, బళ్ళలో పనిచేసి రిటైరైన వాళ్ళంతా స్థలాలు చవగ్గా ఉన్నప్పుడు కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నారు. అందులో ఒక రిటైర్డ్ నర్సు ఇంటి వెనక గదిలో మేం కిరాయికి దిగాం. కిరాయి తక్కువ, దానికి బదులు పొద్దున్నే వాకిలి ఊడ్చి ఆమె అంట్లు తోమాలి. అందరూ పిలిచినట్టే నేనూ ఆమెను నర్సమ్మ అనేదాన్ని. నోరు పెద్దదే కానీ మనిషి మంచిది.

ముందు సర్కారు హైస్కూలుకు పోయాను. హెడ్మాస్టరు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, అటెండరు పోస్టులు తన చేతిలో ఉండవనీ, ఎంప్లాయ్‌మెంటు ఆఫీసులో పేరు రాయించుకోమనీ చెప్పాడు. రాయించుకున్నాను. ఆ వరస చూస్తే నా నంబరు వచ్చేసరికి నాకూ రిటైరయ్యే వయసు వచ్చేట్టుంది. ఆశ్రమ పాఠశాలలో ఏజెన్సీ గూడేల వాళ్ళకే ముందు ఇస్తామన్నారు. అది వాళ్ళ బడి, అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ మాట చెప్పడానికి మూడు గంటలు ఎండలో నిలబెట్టారు, దానికి ఒళ్ళు మండింది. కల్లూరులో ఒక హాస్టల్లో వంటకు సాయం మనిషి కావాలంటే పరుగెత్తాను. ముందురోజే వేరేవాళ్ళను పెట్టుకున్నారు. వేంసూరు వైపు ఒక ప్రైవేటు బడిలో బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని ఉందన్నారు. తీరా పోతే మగమనిషి కావాలన్నారు. మధ్యాహ్న భోజనం వంట మహిళా సంఘం వాళ్ళ చేతిలో ఉంది, ఆ సంఘంలో చేరాలంటే ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉండాలి. ప్రతిచోటా చివరికి ఒకటే మాట, చూద్దామమ్మా. ఆ మాట వింటే నాకు ఇవాళ్టికీ అరికాళ్ళ మంట నెత్తికెక్కుతుంది.

ఇక మిగిలింది కాలనీలోనే ఉన్న ప్రైవేటు బడి. ఇంటికి దగ్గర. మా ఆయనకు మధ్యలో వచ్చి ఒకసారి పక్క మార్చి పోవచ్చు. కానీ అక్కడ పోటీ ఎవరితోనో తెలుసా, కాలనీ పెద్దమనుషులతో. గేటు దగ్గర కూర్చునే పని రిటైర్డ్ కానిస్టేబులుది. ఆటోల లెక్క చూసేది ఆర్టీసీ డిపోలో పనిచేసి దిగిన మెకానిక్కు. ఆఫీసులో రిజిస్టర్లు రాసేది తాలూకాఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమస్తాగిరీ చేసిన పెద్దాయన. వీళ్ళంతా ఇచ్చినంత తీసుకుని పనిచేస్తారు, ఇవ్వకపోయినా చేస్తారేమో. ఎందుకంటే పొద్దుపోదు. సాయంత్రం కల్వర్టు మీద కూర్చుని వాళ్ళు చెప్పుకునే కష్టం అదొక్కటే. పొద్దు పోవట్లేదోయ్, పొద్దు పోవట్లేదు. వాళ్ళ ముందు నుంచి బిందె మోసుకుపోతూ మనసులో ఎన్ని తిట్టుకున్నానో. నాకేమో ఉన్న పొద్దు చాలట్లేదాయె.

నిజం చెప్పాలంటే వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు. నవంబరులో, మేం బతికే ఉన్నామని కాగితం ఇచ్చి రావడానికి ట్రెజరీకి పోయే రోజు, పెళ్ళికి బయల్దేరినట్టు ఇస్త్రీ బట్టలు వేసుకుని ఒకరి కోసం ఒకరు ఆగి మరీ పోయేవాళ్ళు. కిందటేడు వచ్చి ఈ ఏడు రానివాళ్ళను దారిపొడుగునా తలుచుకునేవాళ్ళు. కానీ ఆకలి మీదున్న మనిషికి ఎదుటివాడి బాధ కనపడదు. నాకు కనపడలేదు.

ఆ బడిలో ఉన్న ఇద్దరు ఆయాల్లో ఒకామె మానేసిందని నర్సమ్మ కబురు తెచ్చింది. నేను కవరు తీసుకుని బయల్దేరబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మానేసినామె ఇంటర్ దాకా చదివిందట. బాత్రూములు కడగనందట, ఆరు నెలలు తిరక్కుండానే నన్ను ఆఫీసులో కూర్చోబెట్టమని పేచీ పెట్టిందట. అందుకని కరస్పాండెంటు, అంటే ఆ బడి యజమాని, ఈసారి చదువురాని ఆయానే తెమ్మని అందరికీ చెప్పాడట.

“పదో తరగతని నోరు జారినవో, పో అంటడు,” అంది నర్సమ్మ. “వేలిముద్ర వెయ్యి. నీ సంతకం చూసి ఎవడన్న అన్నం పెడ్తడా?”

అవమానంగా అనిపించింది. చదువుకోలేదని అబద్ధాలాడి ఉద్యోగాలు తెచ్చుకునే రోజు వస్తుందని హాస్టల్లో లాంతరు ముందు కూర్చున్న పిల్లకు ఎవరైనా చెబితే నమ్మేది కాదు. కానీ ఎక్కువసేపు ఆలోచించలేదు. కవరు మళ్ళీ ట్రంకుపెట్టెలో అడుక్కు తోసేసి, పాపను ఎత్తుకుని పోయాను.

కరస్పాండెంటు నాలుగు ప్రశ్నలడిగాడు. ఏ ఊరు, మొగుడేం చేస్తాడు, నాగాలు పెడతావా, చదువేమైనా వచ్చా. రాదన్నాను. పాపను నర్సరీలో ఊరికే కూర్చోబెట్టుకోమన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసులో గుమస్తా పెద్దాయన కాగితం నింపి, స్టాంపు ప్యాడ్ తెరిచి, నా బొటనవేలు పట్టుకుని మెల్లగా అద్దించాడు. ఆయన దస్తూరి గుండ్రంగా, వరస తప్పకుండా ఉంది. కాగితం మీద నా పేరులో ఒత్తు తప్పు రాశాడు. దిద్దమని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన గోడవైపు మొహం తిప్పుకున్నాడు. నా చదువు చూసి ఇష్టపడి చేసుకున్న మనిషి. ఆ పూట ఆయన మీదా, నర్సమ్మ మీదా, ఆ బడి మీదా, అందరి మీదా కోపం వచ్చింది. అన్నం మాత్రం వండాను, ముగ్గురం తిన్నాం.

పని కష్టమని అనను. పసిపిల్లల చీమిడి ముక్కులు తుడవడం, బాత్రూముకు తీసుకెళ్ళడం, వాంతులు ఎత్తిపోయడం, గదులు ఊడ్వడం, గంట కొట్టడం. అవన్నీ ఇంట్లో చేసేవే. కష్టమల్లా చదువు రానట్టు ఉండటం. కళ్ళు మాట వినవు. గోడ మీద ఏది రాసున్నా వాటంతటవే చదివేస్తాయి. పకోడీల పొట్లం విప్పితే ముందు ఆ పేపరు ముక్క మీదికి పోతాయి. కరస్పాండెంటు భార్య పక్కన ఉందని ఒకరోజు బస్టాండులో, ఖమ్మం బోర్డు కళ్ళెదురుగా పెట్టుకుని, ఇది యాడికి పోయే బస్సు బాబూ అని కండక్టర్ని అడిగాను. ఆమె జాలిపడి, ఇప్పటికైనా నాలుగక్షరాలు నేర్చుకోరాదూ అంది.

యూకేజీలో ఒక పిల్ల ఉండేది, పట్టుకుంటే వదిలేది కాదు. ఆయాకు చదువు రాదని ఎవరో చెప్పారు కాబోలు, రోజూ అన్నం తిన్నాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అ ఆలు దిద్దించేది. నేను కావాలని వంకరగా రాసేదాన్ని. ఛీ, మళ్ళీ రాయి అనేది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, అంతసేపు వంకరగా రాయలేక చెయ్యి దానంతటదే ఒక ‘ఇ’ని అందంగా రాసేసింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టి, మా టీచరుకు చూపిస్తానని పలక పట్టుకుని పరుగెత్తబోయింది. పట్టుకుని లాక్కుని కొంగుతో తుడిచేశాను. ఏడ్చింది పాపం. ఏడిస్తే ఏడ్చింది, నా ఉద్యోగం నాకు ముఖ్యం అనుకున్నాను.

నాకు చదువు రాదని నమ్మారు కాబట్టే నా చేతికి సర్క్యులర్ బుక్కు ఇచ్చేవాళ్ళు. బడుల్లో అదొక పద్ధతి. కరస్పాండెంటు చెప్పింది గుమస్తా ఆ పుస్తకంలో రాస్తాడు. ఆయా దాన్ని గది గదికీ పట్టుకుపోతుంది, టీచర్లు చదివి సంతకం పెడతారు. చదువొచ్చిన మనిషైతే దారిలో చదువుతుంది, నలుగురికీ మోస్తుంది. చదువురాని ఆయా చేతిలో పుస్తకం భద్రం. నేను అన్నీ చదివేదాన్ని. ఏ టీచరు జీతంలో కోత పడిందో, ఎవరు ఆలస్యంగా వచ్చారో అన్నీ నాకు తెలుసు. ఎక్కడా పెదవి విప్పలేదు.

ఒంటిపూట బడులు మొదలైన వారం ఒకరోజు పెద్దాయన పుస్తకం ఇచ్చాడు. వరండా దిగుతూనే చదివాను. పిల్లల సంఖ్య తగ్గినందున ఈ ఏప్రిల్ నెలాఖరుతో రెండో ఆయాను తీసివేయడమైనదని ఉంది. పని పాడు చేస్తుంది కనుక ముందుగా ఆమెకు చెప్పవద్దని కింద ఇంకో వాక్యం. కాలనీలో అంతా ముసలివాళ్ళే ఉంటే పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు, తగ్గక ఏమవుతారు. రెండో ఆయాను నేనే.

ఆ పుస్తకాన్ని ఎనిమిది గదులకు మోశాను. నర్సరీ గదిలో నా కూతురు నన్ను చూసి చెయ్యూపింది. ఒక్కొక్క టీచరు చదవడం, నా మొహంలోకి చూడటం, గబగబా సంతకం గీకేయడం. నేను ఏమీ తెలియని దానిలా నవ్వుతూ నిలబడ్డాను. రెండో తరగతి టీచరు సంతకం పెట్టి, టిఫిను డబ్బాలో నుంచి సగం కమలాపండు తీసి నా చేతిలో పెట్టింది. అంతకు ముందు ఏనాడూ ఏమీ పెట్టిన మనిషి కాదు. దాన్ని వరండాలోనే నిలబడి తినేశాను. నాలుక మీద రుచి తెలియలేదు.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఆఫీసులో ఎవరూ లేరు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు.

“చదివినవ్ గదా.”

“నాకు చదువెక్కడిది సారూ.”

“నీ కండ్లు వరస పట్టుకొని పోతయమ్మా. చదువు రానోల్ల కండ్లు గట్ల పోవు. వేలిముద్ర నాడే చూసిన.”

ఇన్ని నెలలు తెలిసి కూడా ఈయన ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆయనే చెప్పాడు. ఇక్కడ పదో తరగతి చదివిన ఆయా ఉందని కరస్పాండెంటుకు తెలిస్తే, ఆయా జీతానికే రెండు పనులూ చేయించుకుంటాడు, తనను ఇంటికి పొమ్మంటాడు. నీకొచ్చేది ఏమీ ఉండదు, నాకు పోయేది మాత్రం పోతుంది, అన్నాడు. ఆయన భార్య పోయి రెండేళ్ళయింది. పొద్దున్నే తయారై తాళం వేసి బయటికి రావడానికి ఈ బడి ఒక్కటే ఉందట. తాళం వెయ్యని రోజు ఇంట్లో తన గొంతు తనకే వినపడదట.

“ఉగాది దాంక ఆగు. నేను మాట్లాడుత. ఎట్లనన్న నిన్ను ఉంచుకొమ్మని చెప్త,” అన్నాడు.

సరే సారూ అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను. ఇంటికి పోయేదాకా కూడా ఆయన మంచితనాన్నే తలుచుకున్నాను. గదిలో అడుగు పెట్టేసరికి మా ఆయన కింద పడి ఉన్నాడు. మంచినీళ్ళ చెంబు అందుకోబోయి పడ్డాడట, ఎంతసేపయిందో కూడా చెప్పలేదు. నేనూ నర్సమ్మా కలిసి మంచం మీదికి ఎక్కించాం. ఆయన ఒళ్ళు ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. ఉగాదికి ఇంకా పన్నెండు రోజులుంది. మాట్లాడుత అన్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఈయన మాట్లాడతాడు, కరస్పాండెంటు చూద్దాం అంటాడు, ఏప్రిల్ అయిపోతుంది. నెల మొదట్లో పెన్షను వచ్చే మనిషికి పోయేది పొద్దుపోకే, నాకు పోయేది అన్నం. అలా నాకు నేను చెప్పుకున్నాను, మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాను.

మర్నాడు పెద్దాయన రాకముందే కవరు తీసుకుని కరస్పాండెంటు ముందు నిలబడ్డాను. వేలిముద్ర అబద్ధమని చెప్పాను. కాళ్ళ మీద పడినంత పని చేశాను. కొడతాడేమో, పోలీసులంటాడేమో అనుకున్నాను. ఆయన సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, తెల్లకాగితం ఇచ్చి రెండు వాక్యాలు చెప్పి రాయమన్నాడు. రాశాను. చాలా నెలల తర్వాత పెన్ను పట్టుకున్నాను కదా, మొదటి అక్షరాలు వణికాయి, తర్వాత కుదిరాయి. కాగితం చూసి ఆయన మొహం వికసించింది. మోసం చేశావని ఒక్క మాట అనలేదు.

“దస్తూరి మంచిగున్నది. నువ్వు ఆయాగనే ఉండు, ఆఫీసు పని గూడ చూస్కో. పెద్దాయనకు నేను చెప్త,” అన్నాడు.

జీతం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అట్లనే సార్ అన్నాను. పెద్దాయన చెప్పింది చెప్పినట్టు జరిగింది, ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

ఆయన నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. మూడు రోజులు వచ్చి, నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, పని నేర్పాడు. అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ అక్షరాల్లో కూడా రాయాలనీ, టీసీ ఇచ్చేటప్పుడు పుట్టుమచ్చలు రెండు రాయాలనీ, కొట్టివేత పడితే పక్కన పొడి సంతకం ఉండాలనీ. మధ్యలో బాత్రూముకని ఏ పిల్లో ఏడిస్తే నేను లేచిపోయేదాన్ని. తిరిగొచ్చేదాకా అదే పేజీ మీద వేలు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ మూడు రోజులకు ఆయనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నా పేరులో ఒత్తు తప్పు రాశానని తెలిసి, అయ్యో ఆనాడే చెప్పకపోతివి అని తనే దిద్దాడు. నేను తల ఎత్తి ఆయన మొహం చూడలేకపోయాను.

మూడో రోజు ఆఖరి గంట కొట్టాక బీరువా తాళాలు నా చేతికిచ్చాడు. చేతిసంచీలో కళ్ళద్దాల పెట్టె, తన పెన్ను వేసుకున్నాడు. గడప దాకా పోయి ఆగాడు.

“అమ్మా, అప్పుడప్పుడు వచ్చి ఇక్కడ ఇంతసేపు కూసోవచ్చునా? పనిల అడ్డం రాను.”

కరస్పాండెంటు ఇంకా పై గదిలోనే ఉన్నాడు. రోజూ పెద్దాయన వచ్చి కూర్చుంటే, పని ఆయనే చేస్తున్నాడనుకుంటాడు. ఊరికే చేసే మనిషుండగా నువ్వెందుకంటాడు. ఇవన్నీ ఒక్క గుక్కలో నా తలలో తిరిగాయి. నాకు చదువు వచ్చునని తెలిసీ ఇన్ని నెలలు కడుపులో పెట్టుకున్న మనిషి నా ముందు నిలబడి, నా అనుమతి కోసం చూస్తున్నాడు.

“వద్దు సారూ,” అన్నాను. “సార్ ఏమన్న అనుకుంటడు.”

అవ్, నిజమే, అన్నాడు. సంచీ చంకన పెట్టుకుని, గేటు దగ్గర కానిస్టేబులుతో రెండు మాటలు మాట్లాడి, కాలనీ వైపు నడిచిపోయాడు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పిలిస్తే వినపడే దూరంలోనే ఉన్నాడు. నేను పిలవలేదు.